సైకిలు గొలుసు దగ్గర ఆగిపోయిన సినిమా

ప్రశ్న: నా వయసు 41. ఇల్లు అమ్మే విషయంలో మాట మాట పెరిగి, అనకూడనివి అనుకుని, ఆరేళ్ళుగా నేనూ మా నాన్నగారూ మాట్లాడుకోవడం లేదు. మూడు వారాల క్రితం రాత్రి భార్యతోనూ ఎనిమిదేళ్ళ పాపతోనూ కలిసి టీవీలో ఒక సినిమా చూశాను. అందులో కొడుకు అలిగి ఇల్లు విడిచి వెళ్ళబోతుంటే సైకిలు గొలుసు ఊడిపోతుంది. తండ్రి గుమ్మం దిగి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా గొలుసు తగిలించి లోపలికి వెళ్ళిపోతాడు. కొడుకు తిరిగి వచ్చేసరికి ఆ తండ్రి ఉండడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ తర్వాత ఆ సన్నివేశం ఒక్కటే ఫోన్లో పెట్టుకుని నాలుగుసార్లు చూశాను. అప్పుడప్పుడు రాత్రి మెలకువ వస్తే ఆ సంగీతమే చెవుల్లో తిరుగుతోంది. “తెరమీది బొమ్మలకి వచ్చిన ఏడుపు ఆరేళ్ళలో కన్నతండ్రికి రాలేదా?” అంది నా భార్య. ఆ మాట గుచ్చుకుంది. పాప ఆ రాత్రి నుంచి నన్ను అంటిపెట్టుకునే ఉంటోంది. “నాన్నా, నువ్వు చచ్చిపోతావా?” అని రెండుసార్లు అడిగింది. తిండి, ఉద్యోగం మామూలుగానే ఉన్నాయి. సినిమా చూసి ఇంత కదిలిపోవడం ఏమైనా జబ్బా? ఈ ఆదివారమే వెళ్ళి నాన్నగారి కాళ్ళమీద పడాలనిపిస్తోంది. వెళ్ళమంటారా?

జవాబు: మీరు రాసిన ఉత్తరం చాలా పెద్దది. ఇక్కడ కుదించి ఇచ్చాను. కుదిస్తున్నప్పుడు ఒక విషయం కంటబడింది. సినిమాలో తండ్రి మరణం గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాశారు. సైకిలు గొలుసు గురించి మాత్రం పదకొండు పంక్తులు రాశారు: అది ఏ పక్కకి జారిందో, తండ్రి పెడల్ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పుతూ పళ్ళలో ఎలా కూర్చోబెట్టాడో, జిడ్డు అంటిన చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తోచక కాసేపు గాలిలోనే ఎలా పట్టుకున్నాడో. తర్వాత సంతకం పెట్టి, ఆ సంతకం కింద వేరే కలంతో, “మా నాన్నకి ఇలాంటి పనులేవీ రావు. బడి తెరిచే ముందు రోజు రాత్రి కూర్చుని నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేవారు, అంతే” అని చేర్చారు. నా జవాబు చాలావరకు ఆ చివరి వాక్యాన్ని పట్టుకునే నడుస్తుంది.

ముందుగా జబ్బు సంగతి. మీరు చెప్పినంతవరకు ఇది జబ్బు కాదు. తిండి సరిగా సాగుతోంది, పనిమీద మనసు నిలుస్తోంది, పగలు నవ్వు వచ్చే చోట నవ్వగలుగుతున్నారు. ఇవి మారి, రోజంతా దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దాదాపు ప్రతి రాత్రీ నిద్ర చెడటం వంటివి రెండు వారాలకు మించి సాగితే, లేదా బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అప్పుడు సినిమా సంగతి పక్కనపెట్టి మానసిక వైద్యుడిని కలవండి.

బొమ్మలను చూసి ఏడవడం మనుషులకు కొత్త కాదు. భవభూతి రాసిన సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకంలో, రాముడి కథను చిత్రించిన బొమ్మలను లక్ష్మణుడు సీతారాములకు చూపిస్తాడు. అవన్నీ వాళ్ళు పడి, దాటి వచ్చిన కష్టాలే. అయినా శూర్పణఖ బొమ్మ దగ్గరకు వచ్చేసరికి సీత వణికిపోతుంది. ఇది చిత్రమే సుమా అని రాముడు ఊరడిస్తాడు. అలా ఊరడించినవాడే, కాసేపటికి జనస్థానంలో తన విరహాన్ని చూపే బొమ్మ రాగానే కన్నీరు ఆపుకోలేకపోతాడు. బొమ్మ అని తెలియక ఏడ్చినవాళ్ళు కారు వాళ్ళు. మీకూ అది నటన అని తెలుసు. తెలిసినా కన్నీళ్ళు రావడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

ఆరేళ్ళుగా రాని కన్నీరు ఆ రోజే ఎందుకు వచ్చిందన్నది మీ భార్య వేసిన ప్రశ్న, మీరూ లోలోపల వేసుకుంటున్న ప్రశ్న. మన ఆలంకారికులు, అంటే కావ్యనాటకాల రసాన్ని చర్చించిన పాత పండితులు, సాధారణీకరణం అనే మాట వాడారు. రంగస్థలం మీది శోకం ఫలానా మనిషిదీ కాకుండా, పూర్తిగా మనదీ కాకుండా, అందరికీ చెందినదై నిలుస్తుందని దాని భావం. తండ్రి గుర్తుకొచ్చినప్పుడల్లా మీకు ఇల్లు అమ్మకం గుర్తొస్తుంది, ఆయన అన్న మాట గుర్తొస్తుంది, మీరు అన్న మాట అంతకన్నా ముందు గుర్తొస్తుంది. ఇన్ని కాపలాలు దాటుకుని దుఃఖం బయటికి రాలేదు. తెరమీది తండ్రితో మీకు ఏ తగాదా లేదు, ఆయనకు మీరు ఏ సంజాయిషీ చెప్పనక్కరలేదు. అందుకే కాపలా లేని గుమ్మంలోంచి అది బయటపడింది. మీరు మీ తండ్రికోసం ఏడవలేదన్న ఆరోపణ సరైనది కాదని నా అభిప్రాయం. అది ఆయన కోసం వచ్చిన ఏడుపే, అడ్డదారిన వచ్చింది.

సినిమా అంతటిలో ఆ ఒక్క దృశ్యమే మనసులో నాటుకుపోవడానికి శరీరంలో కూడా ఒక కారణం ఉంది. ఉద్వేగం పొంగినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ వంటి హార్మోన్లు, ఆ సమయంలో చూసినదాన్ని జ్ఞాపకంలో గట్టిగా ముద్ర వేయిస్తాయి. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా తమ సహచరులతో కలిసి చేసిన ప్రయోగంలో, కొందరికి మామూలు కథను, మరికొందరికి అవే బొమ్మలతో ఒక పిల్లవాడికి ప్రమాదం జరిగే కథను చూపించారు. వారం తర్వాత అడిగితే ప్రమాదఘట్టం మిగతాదానికన్నా బాగా గుర్తుంది. అయితే ఆ హార్మోన్ల పనికి అడ్డుపడే ప్రొప్రనొలాల్ మందును ముందుగా వేసుకుని చూసినవాళ్ళకు ఆ తేడా కనిపించలేదు. కాబట్టి ఆ దృశ్యం మీ వెంటబడటం మీ బలహీనత కాదు. అయితే దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూడటం మాత్రం మీ చేతిలో ఉన్న పని. ఒక నెలపాటు ఆ పని మానండి. చూసిన ప్రతిసారీ మీకు గుర్తొస్తున్నది తండ్రి అనుకుంటున్నారు గానీ, అట్టలు వేసిన మనిషి స్థానంలో గొలుసు తగిలించిన నటుడు కొద్దికొద్దిగా వచ్చి కూర్చుంటున్నాడు. ఆ సంగీతానికి కూడా అందులో వాటా ఉంది. నేనూ ఒకప్పుడు ఒక ధారావాహిక చివరి భాగాన్ని అదే పనిగా చూసినదాన్నే కనుక, ఈ సుఖం ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఏ ఫలితమూ కోరని దుఃఖం అది.

ఇక మీ భార్య మాట. కఠినంగానే అన్నారు. అయితే మీ ఉత్తరం మధ్యలో, కుండలీకరణాల్లో, పెద్దగా పట్టించుకోనక్కరలేని సంగతిలాగా ఒకటి రాశారు: ఈ ఆరేళ్ళూ నెలకోసారి మామగారికి ఫోను చేసి యోగక్షేమాలు కనుక్కుంటున్నది ఆవిడేనని. అంటే ఇద్దరి మౌనం మధ్య నిలబడి, అటు మాట ఇటు చెప్పలేక, ఇటు కోపం అటు చేరనివ్వక, మధ్యలో నలిగినది ఆవిడ. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా కదలని మనిషి, ఎవరో రాసిన కథకు రెండు గంటల్లో కరిగిపోతే ఆవిడకు ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. ఆ మాటలో వెక్కిరింత కన్నా అలసట ఎక్కువ ఉందని నాకు తోస్తోంది. మీరు సినిమాను సమర్థించుకుంటూ వాదించకండి. “ఇన్నాళ్ళూ నాన్నతో నువ్వు మాట్లాడుతున్నావన్న ధైర్యంతోనే నేను మాట్లాడకుండా ఉండగలిగాను” అని చెప్పి చూడండి. అది నిజం కాబట్టే అలా చెప్పమంటున్నాను. నిజం కాదనిపిస్తే చెప్పకండి.

పాప విషయంలో ఆలస్యం వద్దు. ఎనిమిదేళ్ళ పిల్లకు తెరమీద చనిపోయినవాళ్ళు నిజంగా చనిపోలేదని తెలుసు. ఆమెను భయపెట్టినది సినిమా కాదు, మీరు. తండ్రి అలా వెక్కివెక్కి ఏడవడం ఆ పిల్ల ఎన్నడూ చూసి ఉండదు, ఆ ఏడుపు నటన కాదని కూడా ఆమెకు తెలుసు. పిల్లల మనసులో ఇటువంటివి ఎంతకాలం ఉంటాయన్నదానికి ఒక ఉదాహరణ చెబుతాను. క్రిస్టెన్ హారిసన్, జోఆన్ కాంటర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు చూసిన సినిమా గానీ టీవీ కార్యక్రమం గానీ తమను భయపెట్టిందని కాలేజీ విద్యార్థుల్లో పదింట తొమ్మిదిమంది చెప్పారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి ఆ కలవరం పెద్దయ్యాక కూడా పూర్తిగా పోలేదు.

కనుక ఆమె మూడోసారి అడిగేదాకా ఆగకండి. పక్కన కూర్చోబెట్టుకుని, “ఆ రోజు సినిమా చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు, చాలా రోజులుగా ఆయనతో మాట్లాడలేదని బాధేసింది, అందుకే ఏడ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నాను” అని చెప్పండి. చచ్చిపోతావా అన్న ప్రశ్నకు ఎన్నటికీ పోనని అబద్ధమాడకండి. అందరూ ఏదో ఒకనాడు పోతారని, మీకు తెలిసినంతలో ఆ రోజు చాలా దూరమని, ఈలోగా నాన్న ఆరోగ్యంగా ఉన్నాడని చెబితే ఆ వయసు పిల్లకు చాలు. అప్పుడు ఆమె తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తుంది: తాతయ్యతో ఎందుకు మాట్లాడవు? దానికి జవాబు ముందే ఆలోచించుకుని ఉండండి. తాతయ్యను దోషిని చేయకుండా, మిమ్మల్ని మహాత్ముణ్ణి చేసుకోకుండా చెప్పగలిగే జవాబు రెండు మూడు వాక్యాలకు మించదు.

ఆదివారం వెళ్ళమంటారా అని అడిగారు. ఈ ఆదివారం వద్దు.

కారణం చెబుతాను. సినిమాలో రాజీ సన్నివేశాన్ని ఇద్దరి తరఫునా ఒకే రచయిత రాస్తాడు. కొడుకు ఏమంటే తండ్రి ఏమనాలో, ఎక్కడ చేతులు వణకాలో, ఎక్కడ మాట ఆగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. మీరు వెళ్ళి కాళ్ళమీద పడితే, మీ నాన్నగారు ఆ సినిమా చూసి ఉండరు. ఆయన కంగారుపడవచ్చు. ఏం అవసరం పడిందని వచ్చావు అనవచ్చు. ఆ ఇంటి ప్రస్తావనే మొదట తేవచ్చు. టీవీ కట్టేయకుండా కూర్చోనూ వచ్చు. మీరు మూడు వారాలుగా మనసులో ఆడించుకుంటున్న దృశ్యానికి, ఎదురుగా ఉన్న మనిషికి పొంతన కుదరకపోతే ఆ నిరాశలో మరో ఆరేళ్ళు పోగలవు. ఇంకొక మాట కూడా చెప్పాలి. తెరమీది తండ్రి క్షమించదగినవాడిగానే రూపొందినవాడు. అతడి తప్పులన్నీ మనం కరుణించగలిగినంత కొలతలోనే ఉంటాయి. మీ నాన్నగారు అన్న మాటల్లో మిమ్మల్ని నిజంగా గాయపరిచినది ఉంటే, దాన్ని ఒక సినిమా చూసిన ఉద్వేగంలో లేనట్టు నటించకండి. అది ఉండనివ్వండి. దాన్ని పక్కన ఉంచుకునే మాట కలపవచ్చు, చాలా కుటుంబాలు అలాగే కలుపుకున్నాయి.

ఈ వారంలో మీరు చేయవలసిన పని రాయడం. వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, ఆ గొడవ గురించీ అప్పుడు మీకు ఏమనిపించిందో దాని గురించీ, అక్షరదోషాలు చూసుకోకుండా రాయండి. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో విద్యార్థుల చేత ఇలాగే రాయించారు. తమ జీవితంలోని చేదు అనుభవాన్నీ, దానితోపాటు తమ భావాలనూ రాసినవాళ్ళకు రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కింది గానీ, తర్వాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్యకేంద్రానికి వెళ్ళవలసిన అవసరం తగ్గింది. కనుక మొదటి రోజు రాత్రి దిగులుగా ఉంటే బెదరకండి. ఈ కాగితాలు నాన్నగారికి పంపడానికి కావు. మీ భార్యకు చూపించాలా వద్దా అన్నది కూడా నాలుగో రోజు దాటాకే నిర్ణయించుకోండి. ఆ రాతలో సైకిలు రాకుండా చూసుకోండి. అట్టలు రావచ్చు.

ఆ తర్వాత ఫోను. నెలనెలా మీ భార్య చేసే ఫోనే చేయనిచ్చి, చివర్లో “ఆయన పక్కనే ఉన్నారు, మాట్లాడతారా” అని అడిగించండి. వద్దు అనే అవకాశం మీ నాన్నగారికీ ఉండాలి. వద్దంటే ఆ నెలకు అంతే, మళ్ళీ నెల అడగవచ్చు. సరే అంటే, క్షమాపణతో మొదలుపెట్టకండి, ఇంటి ఊసు అసలే ఎత్తకండి. ఆయన ఎత్తితే, “దాని గురించి కూర్చుని మాట్లాడుకుందాం నాన్నా, ఇవాళ కాదు” అనండి. మూడు నాలుగు నిమిషాలకు మించి సాగనక్కరలేదు. అంతసేపు ఏం మాట్లాడాలో తోచదన్న బెంగ మీకు ఉంటుంది. మీ పాప పుస్తకాలకు అట్టలు ఎవరు వేస్తున్నారో మీరు రాయలేదు. అట్ట ఊడకుండా ఆ మూల దగ్గర కాగితం ఎలా మడిచేవారో ఆయన్నే అడగండి.