బ్యాచ్‌వాళ్లకు ఏమని రాయను?

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2014లో ఎమ్మెస్సీ బోటనీ పూర్తి చేశాను. మా బ్యాచ్ కలుస్తోంది. ఎవరేం చేస్తున్నారో నాలుగు ముక్కలు రాసి పంపమన్నారు. ఒకతను డాలస్‌లో ఉన్నాడు, ఇంకొకామె లెక్చరర్. నేను పదేళ్లు ఉద్యోగ ప్రయత్నాలు చేసి, ఇప్పుడు మా మామగారి నర్సరీ చూసుకుంటున్నాను. రాయాలంటే నామోషీగా ఉందండీ.
– ఓ పాఠకురాలు, కడియం

జవాబు: బోటనీ చదివి మొక్కల మధ్యే ఉన్నారు, ఇంకేం కావాలమ్మా! నేను ఎమ్మే ఎకనామిక్స్ చదివి మూడేళ్లు మందుల షాపులో బిల్లులు కొట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

‘నర్సరీ చూసుకుంటున్నాను’ అని ముక్తసరిగా రాయకండి. పొద్దున్నే ఎన్ని అంట్లు కట్టారో, కొబ్బరి పొట్టు ఎంతకు కొన్నారో, లారీ ఏ ఊరికి వెళ్లిందో రాయండి. డాలస్ అతను ముందు చదివేది మీదే. పదేళ్ల ఉద్యోగ ప్రయత్నాల గురించి రాయాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు, సంజాయిషీ అక్కర్లేదు.

అన్నట్టు, మా పెరట్లో మామిడి అంటుకు ప్లాస్టిక్ టేపు విప్పడం మరిచాను. కాండం అక్కడ నొక్కుకుపోయింది. ఇప్పుడు విప్పితే బతుకుతుందా? ఈసారి ప్రశ్న నాది, జవాబు మీరు రాయాలి.