హాలు తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: నమస్తే మేడం. మాది సూళ్లూరుపేట. చెన్నైలో సోషల్ వర్క్ ఎం.ఏ. రెండో ఏడాది చదువుతూ, రోజూ ట్రైన్లో వచ్చిపోతుంటాను. క్లాసువాళ్లం ఎనిమిది మందిమి కలిసి నెలకో డాక్యుమెంటరీ వేద్దామనుకున్నాం. మొదటిది ‘కక్కూస్’. పారిశుద్ధ్య కార్మికుల మీద దివ్యభారతి 2017లో తీసిన తమిళ చిత్రం. పోస్టర్లు అంటించాక, ముందు రోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్: హాల్లో ఏసీ రిపేరు, తర్వాత చూద్దాం అని. మర్నాడు అదే హాల్లో వేరే ఫంక్షన్ జరిగింది. సెన్సార్ లేనివి వేస్తే కేసవుతుందని ఒక సార్ భయపెట్టారు. యూట్యూబ్‌లో ఉన్నదే కదా, హాస్టల్లో లాప్‌టాప్‌లో చూసేద్దాం అంటున్నారు ఫ్రెండ్స్. మీరేమంటారు?
– ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: ఏసీ రిపేరా! మా రోజుల్లో ‘తాళంచెవి ప్యూన్ దగ్గరుంది, ప్యూన్ ఊరెళ్లాడు’ అనేవాళ్లమ్మా. సాకులు కూడా బాగుపడ్డాయి.

ముందు ఆ సార్ చెప్పిన మాట చూద్దాం. అది ఉత్త బెదిరింపేం కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బయట ప్రజలకు వేసే ఏ చిత్రానికైనా సర్టిఫికెట్ కావాలి. పెద్ద సినిమా, చిన్న డాక్యుమెంటరీ అని తేడా లేదు. హిందీ సినిమా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ నాలుగు నగరాల మీద, అందులో మన మద్రాసు కూడా ఉంది, ఒక చిన్న డాక్యుమెంటరీ తీసి సెన్సార్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ముందస్తు సెన్సార్ చెల్లుతుందనే 1970లో తీర్పు వచ్చింది. ఫిలిం ఫెస్టివల్స్ వాళ్లు కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. కానీ క్లాసులో, పాఠంలో భాగంగా, మీ విద్యార్థులు, టీచర్లు మాత్రమే కూర్చుని చూడటం వేరు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా కాలేజీ లోపలివాళ్లకు వేసే సినిమాకు వెసులుబాటు ఇస్తుంది. అందుకే మీరు చేసిన తప్పల్లా ఊరంతటికీ పిలుపులా పోస్టర్ అంటించడమే.

హాస్టల్ లాప్‌టాప్ మాత్రం నాకు నచ్చలేదు. భయపడి కాదు. 2023 జనవరిలో ప్రధాని మోదీ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ వేయబోతే ఢిల్లీ జేఎన్‌యూలో కరెంటు పోయింది, పిల్లలు ఫోన్లలో, లాప్‌టాప్‌లలో చూశారు. అక్కడ అదే నిరసన, సరే. మీకు అలాంటి అవసరం రాలేదు. నీ ఫోన్లో నువ్వు చూస్తే సినిమా నీ దగ్గరే ఆగిపోతుంది. పక్కన ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి. ఇది నేను ఎక్కడ నేర్చుకున్నానో చెప్తాను.

2004లో నేను చెన్నైలో ఒక కాలేజీలో పాఠం చెప్పేదాన్ని. మధురైలో వీధి శుభ్రం చేసే ఒకామె మీద ఆర్.పి. అముదన్ తీసిన చిత్రం వేశాం. అరగంట కూడా లేదు. పేరు ‘పీ’. తమిళంలోనూ మన పియ్యే. ఆ మాట నోటీసు బోర్డు మీద రాయడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు, ‘మధురై డాక్యుమెంటరీ’ అని రాశాం! నలభై మంది వచ్చారు. సగంలో ఇద్దరు ముక్కు మూసుకుని బయటికి పోయారు, తెర మీద నుంచి వాసన వస్తున్నట్టు.

అయిపోయాక పిల్లలు గౌరవం, వివక్ష అంటూ చక్కగా మాట్లాడుతున్నారు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని మా వరండాలు ఊడ్చే ఆమె నిలబడి ఉంది. నా వైపు చూసి తెలుగులో అడిగింది: “అంతా చూపించినారు గానీ, ఆమెకి నెలకెంత ఇస్తారో చెప్పలేదేమమ్మా?” మూడేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి తెలుగామె అని నాకు ఆ రోజే తెలిసింది. చెన్నైలో ఈ పని చేసేవాళ్లలో తరాల కిందట మన వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నీకు తెలుసా? అప్పటిదాకా నాకు తెలియదు, సిగ్గుగానే ఒప్పుకుంటాను. కాంట్రాక్టరు ఎంత పట్టుకుంటాడో కూడా ఆమే చెప్పింది. మరుసటి వారం ఐదుగురు పిల్లలు ఆఫీసుకి వెళ్లి, వాళ్లకి జీతం స్లిప్పులు ఇవ్వమని అడిగారు. రెండు నెలలు ఇచ్చారు, తర్వాత ఆగిపోయాయి.

అందుకని, హాలు మాట వదిలెయ్. మీ డిపార్ట్‌మెంట్ క్లాసురూం అడుగు. ఒక టీచర్ చేత ‘ఫలానా పేపర్‌లో భాగంగా’ అని రాయించి, హెడ్ సంతకం తీసుకుని, ఆ కాగితం జిరాక్స్ నీ దగ్గర పెట్టుకో. నోటి మాటను ఫోన్లో రద్దు చేసినంత తేలిగ్గా సంతకాన్ని చెయ్యలేరు. అప్పుడూ కాదంటే కారణం కాగితం మీద ఇమ్మను. ‘కక్కూస్’ను మార్చొద్దు. తమిళనాడులో కొన్నిచోట్ల దాన్ని ఆపేశారని విని మెత్తటిది ఏదో వేద్దామనిపిస్తుంది, కానీ సోషల్ వర్క్ క్లాసుకి ఇది కాక ఇంకేది పాఠం? వేసేముందు ఒక్క మాట చెప్పు: సినిమా 2017ది, మురుగుకాల్వలో చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచమని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. లేకపోతే చర్చలో పాత లెక్కలే తిరుగుతాయి.

మీ క్యాంపస్ ఊడ్చేవాళ్లని పిలవండి. వాళ్లూ మీ సంస్థలో పనిచేసేవాళ్లే, బయటివాళ్లు కారు. వెనక బెంచీల్లో కాదు, ముందు వరసలో కూర్చోబెట్టండి. తెలుగులో మాట్లాడేవాళ్లుంటే నువ్వు తమిళం చేసి చెప్పు. సాయంత్రం ఆరింటికి పెడితే మాత్రం రారు, తెల్లారగట్ల లేచే మనుషులు. పని దిగగానే, మధ్యాహ్నం రెండింటికి పెట్టండి, వాళ్లకి టీ, బన్ను తెప్పించండి. నీ ట్రైనుకీ అదే మంచిది.