నల్ల కుక్కపిల్లల ముఖాలు ఫోటోలో కనిపించాలంటే

ఖిలా వరంగల్‌లో మీ ఫోటో క్లబ్బు తీసిన నల్ల కుక్కపిల్లల ఫోటోలు బొగ్గు ముద్దల్లా వస్తున్నాయని, దత్తతకు ఎవరూ అడగడం లేదని రాశారు. లోపం కెమెరాది కాదు, వెనకున్న ఆకాశానిది. కోటలోని రాతి ద్వారం, కీర్తి తోరణం మధ్యలో పిల్లను నిలబెడితే, ఆ వెలుగును చూసి కెమెరా మిగతాదంతా చీకటి చేస్తుంది. పెంచుకునేవారు చూసేది తోరణాన్ని కాదు, పిల్ల కళ్లను. (క్లబ్బు సీనియర్లు తోరణాన్ని వదలరు. పోటీకి వేరే ఫోటో తీసుకోమనండి.)

కోట గోడ నీడలోకి వెళ్లండి. పిల్ల ముఖం బయటి వెలుతురు వైపు ఉండాలి, మీరు దాని కళ్ల ఎత్తుకు నేల మీద కూర్చోవాలి. స్పాట్ మీటరింగ్‌తో, అంటే ఫ్రేము అంతా కాక ఒక్క చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతితో, ముఖం మీద వెలుగు కొలవండి. ఇప్పుడు కెమెరా నలుపును బూడిద రంగు చేయబోతుంది కనుక ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) దాదాపు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. ఫోనులోనైతే ముఖం మీద వేలు నొక్కి ఉంచి, వెలుగును కొద్దిగా కిందికి జరిపితే చాలు. పిల్లలు కుదురుగా ఉండవు, షట్టర్ వేగం 1/500 సెకను దగ్గర ఉంచండి. ఫ్లాష్ వద్దు, కళ్లు పచ్చగా మెరుస్తాయి, పిల్ల బెదురుతుంది.

పెద్ద కుక్కలైతే చెవులు కూడా ఫ్రేములోకి రానివ్వండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వీధికుక్కకు చెవి కత్తిరింపు గుర్తు ఉంటుంది. అడిగేవారి మొదటి సందేహం అక్కడే తీరుతుంది. పాలు తాగే పిల్లలను మాత్రం ఫోటో కోసం తల్లి నుంచి దూరం తీసుకెళ్లకండి.