Re: బార్కర్ పుస్తకం సగంలో ఆపేయాలా?

ఆపొద్దండీ. క్లైవ్ బార్కర్ హారర్ కథల పుస్తకం ‘బుక్స్ ఆఫ్ బ్లడ్’ మొదటి భాగంలో రెండు కథలకే నెత్తురు చూసి విసుగొచ్చింది, పైగా రాత్రి నిద్ర పట్టట్లేదు అన్నారు కదా, మీరు ఆగిన చోటే అసలు మజా మొదలవుతుంది. రెండోది న్యూయార్క్ సబ్‌వే కథ, కసాయి కొట్టులా ఉంటుంది, అది చదివి ఆరు భాగాలూ ఇంతేనేమో అనుకోవడం సహజమే.

మూడోది ‘ద యాటరింగ్ అండ్ జాక్’ చదవండి. ఊరవేసిన చిన్న దోసకాయలు దిగుమతి చేసుకునే ఒక చప్పిడి మనిషికి పిచ్చెక్కించమని నరకం నుంచి ఓ చిన్న దెయ్యాన్ని పంపిస్తారు, అది ఎన్ని వేషాలు వేసినా, పిల్లుల్ని చంపినా ఆయన చలించడు, చివరికి దెయ్యానికే టెన్షన్. క్రిస్మస్ కోసం ఓవెన్‌లో పెట్టిన టర్కీ కోడి లేచి గంతులేసే చోట నవ్వాపుకోలేం.

తర్వాత సరాసరి ఆఖరి కథకి వెళ్లిపోండి, వరసగా చదవాలన్న రూలేం లేదు, ఏ కథకాకథే. యుగోస్లావియా కొండల్లో రెండు ఊళ్ల జనం, వేలమంది, ఒకరికొకరు తాళ్లతో కట్టుకుని ఒక్కో రాక్షసుడిగా లేచి నిలబడతారు. 1984లో వచ్చిన కథ, ఇప్పటికీ అంత వింత ఊహ నాకు ఇంకెక్కడా తగల్లేదు. ఇందులో భయం కన్నా అబ్బురమే ఎక్కువ.

ఇక నిద్ర సంగతి. రోజుకి ఒక్కటే, అదీ పగలు. ‘పిగ్ బ్లడ్ బ్లూస్’ మాత్రం పిల్లల మీద హింస ఉన్న కథ, ఇబ్బంది అనిపిస్తే వదిలేయండి, ఏం నష్టం లేదు.