గ్యాస్‌ను ద్రవంగా మార్చడానికి ఏ పద్ధతి మేలు?

బరంపురం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: మన ఒడిశాలోని ధామ్రా ఓడరేవు టెర్మినల్‌లో సహజ వాయువును (నేచురల్ గ్యాస్) ఏ పద్ధతిలో ద్రవంగా మారుస్తారని. అక్కడ జరిగేది రివర్స్, తమ్ముడూ. ఓడలో వచ్చిన ద్రవాన్ని మళ్లీ గ్యాస్ చేస్తారు. ద్రవంగా మార్చేది ఖతార్ లాంటి చోట్ల, మైనస్ 162 డిగ్రీల దగ్గర.

చాలావరకు పెద్ద ప్లాంట్లలో ముందు ప్రొపేన్‌తో సుమారు మైనస్ 35 దాకా చల్లబరుస్తారు. ఆపైన నైట్రోజన్, మీథేన్, ఈథేన్, ప్రొపేన్ కలిపిన మిశ్రమం పని అందుకుంటుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది: మిశ్రమం ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు, మెల్లమెల్లగా మరుగుతూ గ్యాస్ చల్లబడే తీరును వెన్నంటి నడుస్తుంది. దాంతో శక్తి ఆదా.

కాస్కేడ్ అనే ఇంకో పద్ధతిలో ప్రొపేన్, ఇథిలీన్, మీథేన్ విడివిడిగా, మెట్లు దిగినట్టు చల్లబరుస్తాయి. నడపడం తేలికే గానీ కంప్రెసర్లు ఎక్కువ. 1969లో అలాస్కాలోని కెనాయ్ ప్లాంటు దీంతోనే మొదలైంది. రష్యాలోని సఖాలిన్ లాంటి చలిచోట్ల మొదటి దశకూ ప్రొపేన్ బదులు మిశ్రమమే వాడతారు. మనలాంటి వేడి తీరమైతే నా ఓటు ప్రొపేన్-మిశ్రమం జోడీకే.