గ్రీన్ కార్డు వెనక్కిచ్చేస్తే మళ్లీ రాదా?

ప్రశ్న: మేమిద్దరం టీచర్లుగా రిటైరయ్యాం. డల్లాస్‌లో ఉంటున్న మా పాప అమెరికా సిటిజన్. తను పిటిషన్ వేస్తే 2021 చివర్లో మాకు గ్రీన్ కార్డులొచ్చాయి. పోయిన మామిడికాయల సీజన్‌లో చిత్తూరు వచ్చాం. వచ్చిన కొన్నాళ్లకే మా వారికి పక్షవాతం వచ్చింది. వేలూరు సీఎంసీలో చూపిస్తున్నాం. పది నెలలైంది, ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఏడాది దాటితే కార్డు పోతుందని, ఎలాగైనా ఒకసారి వచ్చి మొహం చూపించి వెళ్లమని పాప అంటోంది. ఆయనకు ప్రయాణం మాట ఎత్తితేనే భయం. కార్డులు తిరిగిచ్చేద్దామంటే, ఇక టూరిస్టు వీసా కూడా ఇవ్వరని బంధువులు బెదిరిస్తున్నారు. తర్వాతెప్పుడైనా మళ్లీ కార్డు వస్తుందా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందుగా మీకు కావలసిన మాట చెబుతాను. మీ పాప సిటిజన్‌గా అక్కడ ఉన్నంతకాలం, కార్డు ఇచ్చేసినా మీకు దారి ఉంటుంది. సిటిజన్లయిన పిల్లలు, వాళ్లకు ఇరవై ఒక్కేళ్లు నిండితే, తల్లిదండ్రులకు వేసే పిటిషన్లకు ఏటా ఇన్నేనన్న పరిమితి లేదు. అన్నదమ్ములకీ ఉద్యోగాలకీ ఉన్నట్టు ఏళ్ల తరబడి క్యూ ఉండదు. ఒకసారి కార్డు వదులుకున్నంత మాత్రాన రెండోసారి అడగకూడదన్న నిబంధనా లేదు.

అయితే ఆ పాత కార్డే తిరిగి రాదు. అంతా మొదటి నుంచీ చేయాలి. మీకొకటి, సార్‌కొకటి విడివిడిగా ఐ-130 పిటిషన్లు, ఫీజులు, మీ పాప ఆదాయం చూపించే హామీపత్రం, పోలీస్ క్లియరెన్స్, మెడికల్, ముంబైలో ఇంటర్వ్యూ. ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. పౌరసత్వానికి కావలసిన ఐదేళ్ల లెక్క కూడా మళ్లీ మొదటి నుంచే.

ఇక మొహం చూపించి రావడం గురించి. మన జిల్లా నుంచి ఇలా తిరుగుతున్న పెద్దవాళ్లు నాకు చాలామంది తెలుసు. చెన్నైలో విమానం ఎక్కేముందు రెండు రోజులు అన్నం సయించదు వాళ్లకు. గ్రీన్ కార్డు ఇచ్చింది అక్కడ కాపురం ఉండటానికి. ఆరు నెలలకోసారి వెళ్లొస్తే చాలన్న నియమం ఎక్కడా లేదు. నూట ఎనభై రోజులు దాటి వెళ్తే, ఎక్కడ ఉంటున్నారు, ట్యాక్స్ కడుతున్నారా, ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. ఏడాది దాటితే ఒక్క కార్డు చూపించి లోపలికి వెళ్లడం కుదరదు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మనిషిని ఒక ముద్ర కోసం అంతసేపు విమానంలో కూర్చోబెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ మాట మీ పాపకు నేను చెప్పానని చెప్పండి. తనేదో స్వార్థంతో అంటోందని కాదు, దూరంగా ఉన్న బిడ్డకు అమ్మానాన్నల చేతిలో కార్డు ఉంటే అదొక ధైర్యం.

డాక్టరు ఒప్పుకుని, ఏడాది లోపల వెళ్లగలిగితే, అక్కడ ఉండగా ఐ-131 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్‌కు, అంటే ఏడాది దాటి బయట ఉన్నా తిరిగి వెళ్లడానికి పనికొచ్చే అనుమతికి, అప్లై చేయవచ్చు. దరఖాస్తు పెట్టేనాటికి మనిషి అమెరికాలోనే ఉండాలి, ఇక్కడి నుంచి కుదరదు. వేలిముద్రలూ అక్కడే. మామూలుగా రెండేళ్లు చెల్లేలా ఇస్తారు. వెళ్లలేక ఏడాది దాటిపోతే ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా ఉంది. డీఎస్-117 ఫారం, 180 డాలర్ల ఫీజు. తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే వచ్చామని, మన చేతిలో లేని కారణంతో ఆగిపోయామని నిరూపించాలి. సార్ విషయంలో ఆ కారణం నిజంగానే ఉంది. అందుకని కార్డు వదులుకునే ఉద్దేశం ఉన్నా లేకపోయినా, ప్రయాణం చేయకూడదని డాక్టరు చేత తేదీతో సహా ఒక కాగితం రాయించి పెట్టుకోండి. డిశ్చార్జి సమ్మరీలు పారేయొద్దు. కానీ ఈ వీసా తేలికగా ఇచ్చేది కాదు. అక్కడ ఇల్లు, ట్యాక్స్ రిటర్నులు లాంటి ఆధారాలు లేకపోతే దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎక్కడా 'అక్కడ ఉండాలని ఉంది' అన్న మాట లేదు. భయం మాత్రమే ఉంది. సార్‌కు వైద్యం వేలూరులో, ఇల్లు చిత్తూరులో. రాబోయే రెండు మూడేళ్లు ఇక్కడే అని మీ ఇద్దరి మనసుకూ తెలిసినప్పుడు, కార్డును మీరే పద్ధతిగా తిరిగిచ్చేయడం మేలని నా అభిప్రాయం.

దానికి ఐ-407 ఫారం. ఫీజు లేదు. ఒక్కొక్కరూ ఒక్కో ఫారం నింపి, సంతకం చేసి, కార్డు జతపెట్టి అమెరికాకు పంపాలి. అడ్రసు మారుతుంటుంది కాబట్టి పంపే ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్లో చూడమని పాపకు చెప్పండి. ఫారం, కార్డు రెండువైపులా జిరాక్స్ తీసి, కొరియర్ రసీదుతో కలిపి భద్రంగా ఉంచండి. సంతకం పెట్టాక మనసు మారిందంటే వినరు, అందుకని ఇద్దరూ కూర్చుని నిదానంగా తేల్చుకున్నాకే పెట్టండి. ఇంకొక సంగతి. కార్డు చేతిలో ఉండగా ఎప్పుడైనా వెళ్లినప్పుడు, అక్కడి ఎయిర్‌పోర్టులో ఇదే ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే చేసి తీరాలని లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటామని అడిగే హక్కు మీకుంది. చాలామంది పెద్దవాళ్లు ఇంగ్లీషు సరిగా అర్థంకాక, కంగారులో సంతకం పెట్టేస్తారు. నాకు చాలా బాధ కలిగించే విషయమది.

టూరిస్టు వీసా ఇవ్వరన్నది నిజం కాదు. తప్పకుండా ఇస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ ఐ-407 కాపీ చూపిస్తే, అక్కడ ఉండిపోయే ఉద్దేశం లేదు కాబట్టే కార్డు ఇచ్చేశామన్న మీ మాటకు బలం వస్తుంది. మీ పెన్షన్, సొంతిల్లు కూడా ఆ మాటే చెబుతాయి.

మా పెద్దక్క విషయం చెబితే మీకు కాస్త ధైర్యం వస్తుందేమో. వాళ్లది పాకాల దగ్గర పల్లె. అత్తగారు తుంటి విరిగి మంచాన పడితే, చూసేవాళ్లు లేక అక్క కార్డు ఇచ్చేసి ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ పోయాక కొన్నాళ్లకు మా అక్క కొడుకు మళ్లీ పిటిషన్ వేశాడు. కాగితాలన్నీ తిరుపతిలో నా చేతుల మీదుగానే సిద్ధమయ్యాయి. కార్డు వదులుకున్న విషయం అసలు అడ్డే కాలేదు. ముంబైలో ఎందుకు వదిలేశారని అడిగితే, అత్తగారి కోసమని ఉన్నమాట చెప్పింది, ఫారం కాపీ చూపించింది, అంతే. అసలు కష్టం వేరే చోట వచ్చింది. అక్క పుట్టింది ఇంట్లో. పంచాయతీ రికార్డులో ఎక్కలేదు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, మా చిన్నాన్న చేత అఫిడవిట్ రాయించాం. పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు, స్కూలు సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, కొడుకు బర్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరే లేదు. ముగ్గురూ ఒక్కరేనని చెప్పడానికి మళ్లీ అఫిడవిట్లు. మొదటిసారి ఇవే కాగితాలు ఇచ్చారు, కానీ ఆ ఫైలు ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. మీ ఫైలు ఎక్కడుందో ఈ రోజే వెతికి చూడండి. ముఖ్యంగా పాప బర్త్ సర్టిఫికెట్, సార్ పిటిషన్‌కు కావలసిన మీ మ్యారేజ్ సర్టిఫికెట్, కార్డు మీద ఉండే ఏ-నంబరు. పోలీస్ క్లియరెన్స్ తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో తీసుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. కార్డు ఉన్నన్నాళ్లూ ఇక్కడి పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అమెరికా ట్యాక్స్ రిటర్నులో చూపాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు పది వేల డాలర్లు దాటినా ఆ వివరాలు విడిగా పంపాలి. చిత్తూరులో కూర్చుని ఊరికే అట్టేపెట్టుకున్నా ఈ బాధ్యత పోదు. గత పదిహేనేళ్లలో ఎనిమిది క్యాలెండర్ సంవత్సరాలు కార్డు ఉన్నవాళ్లు దాన్ని వదులుకుంటే 8854 అనే ట్యాక్స్ ఫారం కూడా వేయాలి. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా పూర్తి ఏడాదిగానే లెక్క, కాబట్టి మీకు 2021 మొదటిది, 2028 ఎనిమిదోది అవుతుంది. ఇచ్చేసేదుంటే ఆలోపే ఇవ్వడం సులువు. ఇక్కడ బ్యాంకులో మీ ఖాతా ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చి ఉంటే, తిరిగి రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోండి.

ఒక్క ప్రమాదం మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ దారంతా మీ పాప మీదే ఆధారపడి ఉంది. తను ఇండియాకు వచ్చేసినా, తనకేమైనా అయినా ఈ దారి ఉండదు. రూల్స్ కూడా మారవచ్చు. మీకు ఇంకొక బిడ్డ అక్కడ సిటిజన్‌గా ఉన్నారేమో రాయలేదు. ఉంటే ఈ భయం సగం తగ్గుతుంది.

ప్రశ్న: మాది తిరుపతి. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ ద్వారా గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. గాంధీ రోడ్డులో నాన్న నడుపుతున్న సామాన్ల షాపు చూసుకోవడానికి వచ్చేయాలనుకుంటున్నాను. కార్డు వదిలేసి, కుదరకపోతే మళ్లీ తెచ్చుకోవచ్చా? బాబుకు ఏడేళ్లు, అక్కడే పుట్టాడు.
- ఒక పాఠకుడు

జవాబు: బాబూ, పై జవాబు చదివి నీకూ అంతే అనుకోవద్దు. ఉద్యోగం ద్వారా మళ్లీ తెచ్చుకోవాలంటే కొత్త కంపెనీ, కొత్త పిటిషన్, మనదేశం వాళ్లకున్న ఆ పొడవాటి క్యూ. పిల్లవాడి ద్వారా అంటే వాడికి ఇరవై ఒకటి నిండాలి, అంటే ఇంకా పద్నాలుగేళ్లు.

నాన్నగారి ఆరోగ్యం బాగుంటే ఇంకో రెండేళ్లు ఓపిక పట్టు. ఐదేళ్లు నిండడానికి తొంభై రోజుల ముందే పౌరసత్వానికి అప్లై చేయవచ్చు. ఈలోగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుని ఇక్కడికొచ్చి ఉంటే కార్డు నిలబడవచ్చు గానీ, ఏడాది దాటితే పౌరసత్వం లెక్క తెగిపోతుంది. ఆ రెండూ వేరని చాలామందికి తెలియదు. సిటిజన్ అయ్యాక ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే షాపు నడుపుకోవడానికి ఇబ్బంది లేదు. పొలం కొనడం మాత్రం కుదరదు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు.

నాన్నగారు అంతకాలం ఆగే స్థితిలో లేకపోతే నువ్వొక్కడివే రా. ఎవరి కార్డు వాళ్లదే, నువ్వు వదులుకున్నంత మాత్రాన మీ ఆవిడ కార్డు పోదు. తను అక్కడే ఉండి సిటిజన్ అయితే, భార్యాభర్తల పిటిషన్‌కు కూడా క్యూ లేదు.