నానో కణాలతో చమురు తీసే చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. పాత బావుల్లో మిగిలిన చమురును నానో కణాలు కలిపిన రసాయనాలతో తీసే విధానం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎలక్ట్రిక్ బళ్లు వస్తున్న రోజుల్లో ఈ చదువెందుకని నా టెన్షన్. – ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: మీ భయంలో అర్థముందండీ. కానీ మనం వాడే ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతే. బావిలోకి నీళ్లెక్కించి తోడినా చాలా చోట్ల సగానికి పైగా చమురు రాతి రంధ్రాల్లోనే ఉండిపోతుంది. ఆ మిగిలినదాని మీదే మీ అమ్మాయి కన్ను.

నీళ్లు పలచన, చమురు చిక్కన. అందుకే నీళ్లు చమురును తొయ్యకుండా పక్కనుంచి జారిపోతాయి. పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న రసాయనం) కలిపితే నీళ్లు చిక్కబడి చమురును ముందుకు నెడతాయి. అంట్ల సబ్బు జిడ్డు వదిలించినట్టు, సర్ఫక్టెంట్ రాతికి పట్టిన చమురును వదిలిస్తుంది. ఇది కాగితాల మీది ముచ్చట కాదు. చైనాలోని దాచింగ్ చమురు బావుల్లో 1996 నుంచి పాలిమర్‌ను పెద్ద ఎత్తున ఎక్కిస్తున్నారు. మన రాజస్థాన్‌లోని మంగళ చమురు క్షేత్రంలోనూ ఆ పని జరుగుతోంది.

నానో సంగతి వేరు. సర్ఫక్టెంట్ కొంత రాతికే అంటుకుని వృథా అవుతుంది. పాలిమర్ వేడికి, ఉప్పుకు దెబ్బతింటుంది. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత సన్నటి రేణువులు, ఈ నష్టాలు తగ్గిస్తాయని ల్యాబుల్లో చూశారు. అయితే ఉప్పునీళ్లలో అవే కణాలు ముద్దకట్టి రాతి రంధ్రాలను మూసేయగలవు. ఖర్చు సరేసరి. కాబట్టి ఈ పని ఇప్పటికీ ఎక్కువగా ల్యాబు దశలోనే ఉంది. 'నానో' అనే మాటకే ఉద్యోగం వస్తుందని మాత్రం అనుకోకండి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు అడగమనండి. కోర్ ఫ్లడింగ్ యంత్రం (రాతి ముక్కలోకి ద్రవాలను ఒత్తిడితో పంపి చూసేది) ఉందా? నిజమైన రాతి ముక్కలతో, బావిలో ఉండేలాంటి ఉప్పునీళ్లతో ప్రయోగాలు చేస్తారా? బీకరులో గ్రాఫులు గీసి పట్టా పుచ్చుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో తడబడటం చూశాను. రాతిలో ద్రవాల నడక తెలిస్తే కార్బన్ డయాక్సైడును భూమిలో దాచే పనికీ వెళ్లొచ్చు. సర్ఫక్టెంట్లు తెలిసినవాళ్లకు డిటర్జెంట్లు, రంగుల కంపెనీల్లోనూ పనుంటుంది.

విశాఖలో 2016లో మొదలైన పెట్రోలియం, ఇంధన చదువుల సంస్థ ఐఐపీఈ మీకు దగ్గర. ధన్‌బాద్, మద్రాస్ ఐఐటీలూ ఉన్నాయి. ముందు గేట్ రాసి ఎంటెక్‌లో చేరమనండి. ప్రాజెక్టులో ఆ ఉప్పునీళ్ల ప్రయోగమే చేయనివ్వండి. కణాలు పదోసారి ముద్దకట్టినా విసుక్కోకుండా కారణం వెతుకుతుంటే, అప్పుడు పీహెచ్‌డీకి సరేననండి.